అష్టాచెమ్మ గేమ్ చేశాం. ఆడేవాళ్ళు అడిగినవన్నీ చేస్తూ పోవాలా?

గవ్వలబ్బాయి, నిజాంపేట

నమస్తే అందరికీ. కొంచెం పొడుగు పోస్టు, ఏమనుకోకండి.

నేనూ మా తమ్ముడూ కలిసి అష్టాచెమ్మ గేమ్ చేశాం, ఫోన్‌లో ఆడుకునేది. నాకు పగలు గచ్చిబౌలిలో ఉద్యోగం. రాత్రి పదింటి నుంచి ఒంటిగంట దాకా ఇది. కోడ్ నాది, బొమ్మలూ చప్పుళ్ళూ వాడివి. ఆఫీసంటే నిజాంపేటలో మేం అద్దెకున్న పెంట్‌హౌస్. ఎండాకాలం రాత్రి తొమ్మిదైనా గోడలు సెగలు కక్కుతుంటాయి, ల్యాప్‌టాప్ కింద తడిగుడ్డ పెట్టుకుని పనిచేసిన రోజులున్నాయి (తమ్ముడి ఐడియా, మీరు చేయకండి). పోయిన దసరాకు ప్లే స్టోర్‌లో పెట్టాం.

పొద్దున మియాపూర్‌లో మెట్రో ఎక్కగానే రివ్యూలు తెరుస్తాను. అదో దురలవాటు. అమీర్‌పేటలో రైలు మారేసరికి మనసు పాడవుతుంది, రాయదుర్గంలో దిగేసరికి ఉద్యోగమే నయమనిపిస్తుంది.

ఎక్కువమంది రాసేది ఒకటే: గవ్వలు మోసం చేస్తున్నాయట. "నాకు చెమ్మ పడనే పడదు, కంప్యూటర్‌కు మాత్రం కావాల్సినప్పుడల్లా పడుతుంది." ఒకాయనైతే "కంప్యూటర్ దగ్గర ఎంత తిన్నారు" అని రాశాడు. ఇచ్చేదీ నేనే, తినేదీ నేనే, ఏం మిగులుతుందన్నా? ఒట్టేసి చెప్తున్నా, ఒక్కో గవ్వ వెల్లకిలా పడేందుకు సగం, బోర్లా పడేందుకు సగం అవకాశం. ఎవరు వేసినా అంతే. ఆ లెక్కన నాలుగూ వెల్లకిలా పడి చెమ్మ రావడం పదహారింట ఒకసారి, నాలుగూ బోర్లా పడి అష్ట రావడం పదహారింట ఒకసారి. రెండూ కలిపితే ఎనిమిదింట ఒకటి. అంటే వరసగా ఇరవై సార్లు వేసినా రెండింట్లో ఏదీ పడనివాళ్ళు వందమందికి ఏడుగురి దాకా ఉంటారు, మోసం ఏమీ లేకుండానే. ఆ ఏడుగురూ రివ్యూ రాస్తారు. మిగతా తొంభైమూడు మంది అన్నం తిని పడుకుంటారు.

రెండో రకం, డబ్బు పందెం పెట్టమనేవాళ్ళు. వాళ్ళకు జవాబు తేలికే. డబ్బుతో ఆన్‌లైన్‌లో ఆడే ఆటలకు తెలంగాణలో 2017లోనే అడ్డుకట్ట వేశారు, 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. చట్టం లేకున్నా పెట్టేవాణ్ణి కాదు. ఎందుకంటే అది మా బాబాయి కథ, ఇక్కడ వద్దు.

ఈ పోస్టు మూడో రకం వల్ల. "టైమర్ పెట్టు, టైమర్ పెట్టు" అని వారానికి ఏడెనిమిది మంది. ఎదుటివాడు గవ్వలు వేయకుండా కూర్చుంటున్నాడట. సరేనని సంక్రాంతి ముందు అప్‌డేట్‌లో పదిహేను సెకన్ల టైమర్ పెట్టాం. ఆలోపు వేయకపోతే గేమే వేసేస్తుంది. రివ్యూల్లో చప్పట్లే చప్పట్లు. రెండు నక్షత్రాలు ఇచ్చిపోయినవాళ్ళు తిరిగొచ్చి ఐదు చేశారు. ఆ రోజు తమ్ముడు బిర్యానీ తెప్పించాడు, డబుల్ మసాలా.

మా అమ్మ జగిత్యాలలో ఉంటుంది, చిన్నమ్మ కోరుట్లలో. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇద్దరూ ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని మాట్లాడుకుంటూనే ఈ ఆట ఆడేవాళ్ళు. ఒకసారి గవ్వలు వేయడానికీ ఇంకోసారి వేయడానికీ మధ్య ఒక పెళ్ళి సంబంధం వచ్చి పోయేది. టైమర్ పెట్టిన మూడు వారాలకు "ఆడుతున్నవా అమ్మా" అంటే, "ఇడిసిపెట్టిన బిడ్డా. గవ్వలు చేతుల వట్టేలోపే నా వంతు అయిపాయె. గింత తొందర ఎవలికున్నది?" అంది. మరి నాకెందుకు చెప్పలేదంటే, "నీ పని నువ్వు చేసుకుంటున్నవ్, నడుమ నేనెందుకు" అంది.

అప్పుడు సర్వర్ లెక్కలు తీసి చూశాను. మధ్యాహ్నం ఒంటిగంట, మూడింటి మధ్య ఆడే గుంపు ఒకటి ఉండేదని అప్పటిదాకా నేను గమనించనే లేదు. అందులో సగానికి పైగా మాయం. వాళ్ళెవరూ టైమర్ వద్దని రాయలేదు. అంతకుముందు బాగుందనీ రాయలేదు.

ఇప్పుడు టైమర్ తీసేస్తే అడిగి పెట్టించుకున్నవాళ్ళు ఒక్క నక్షత్రానికి దిగుతారు. ఉంచితే అమ్మావాళ్ళు రారు. ఆడేవాళ్ళ మాట వినాలంటారు, సరే, ఇందులో ఆడేవాళ్ళు ఎవరు? గేమ్‌లు చేసిన అనుభవం ఉన్నవాళ్ళెవరైనా చెప్పండి. తమ్ముడికీ నాకూ నాలుగు రోజులుగా మాటల్లేవు, ఫ్రిజ్ మీద చీటీలు పెట్టుకుంటున్నాం.


రాత్రిషిఫ్ట్, ఉప్పల్

టైమర్ అడిగినోళ్ళలో నేనూ ఒకణ్ణి బ్రో. రెండు సార్లు రాసిన.

నాకు నైట్ షిఫ్ట్. మధ్యలో ఇరవై ఐదు నిమిషాల బ్రేక్, అందులో ఒక ఆట. నావి మూడు కాయలు పండినయ్, నాలుగోది లోపలి గళ్ళలో ఉంది అనుకో. ఎదుటోడు ఫోన్ పక్కన పడేస్తడు. గవ్వలు వెయ్యడు, ఆట ఇడిసిపోడు. పోతే ఓడినట్టు పడుతది కదా. నాకు బ్రేక్ అయిపోయి నేనే బయటకొస్తే గెలుపు వాడిది. ఇట్ల మూడు రాత్రులు జరిగితే నక్షత్రాలు కాదు, ఫోనే ఇసిరేస్తం.

మీ అమ్మగారి ముచ్చట చదివి మంచిగ అనిపించలే. కానీ ఆమె ఆడేది చెల్లెతోని, నేను ఆడేది ముక్కూ మొహం తెల్వనోడితోని. రెండిటికీ ఒకటే రూల్ ఎందుకు పెట్టినవ్?

గవ్వలు మాత్రం మోసమే. లెక్కలు చెప్పకు.


పాతకంట్రోలర్, మాదాపూర్

తమ్ముడూ, పద్నాలుగేళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. మొదటి ఆరేళ్ళు క్యూఏ, అంటే ఇచ్చిన గేమ్‌ను విరగ్గొట్టడమే ఉద్యోగం. తర్వాత డిజైన్. కంపెనీ పేరు అడగకు.

మేం ఒకప్పుడు వంట గేమ్ చేస్తూ దగ్గర్లోని కాలేజీ పిల్లల్ని శనివారాలు పిలిచి ఆడించేవాళ్ళం. చివర్లో ఒక ఫారం. ఎవరి ఫారం తీసినా "సూపర్ సర్", "చాలా బాగుంది". మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా, ఏసీలో కూర్చోబెట్టి సమోసా చేతిలో పెట్టి ఎలా ఉందంటే బాగాలేదని ఎవరంటారు? పెళ్ళిలో పప్పులో ఉప్పెక్కువైందని పెళ్ళికూతురు తండ్రికి చెప్తామా? ఆ పిల్లలే ఇంటికెళ్ళి పేరు లేకుండా రాసినప్పుడు మాత్రం ఉతికి ఆరేశారు. నేనైతే రెండింటినీ నమ్మను. చివరికి మా లీడ్ (ఆవిడ దగ్గరే నేను పని నేర్చుకున్నాను) ఫారాలు మాన్పించి, ఆడేవాళ్ళ చేతుల మీదకు ఒక కెమెరా పెట్టించింది. మూడో లెవెల్లో అందరి బొటనవేళ్ళూ ఒకే చోట గాల్లో ఆగుతున్నాయి. పొయ్యి మంట తగ్గించే బటన్ వాళ్ళకు బటన్‌లా కనబడటం లేదు, పొయ్యి మీద ముగ్గులా కనబడుతోంది. ఏ ఫారంలోనూ ఆ ముక్క లేదు. ఎలా ఉంటుంది? కనబడనిదాని గురించి ఎవరైనా ఎలా రాస్తారు?

అందుకని మీ అమ్మగారు చెప్పలేదని బాధపడకు. నువ్వు ఆవిడ పక్కన కూర్చుని ఒక ఆట చూసుంటే నీకే తెలిసేది.

గవ్వల సంగతి. ఇది నీ ఒక్కడి తలనొప్పి కాదు. సివిలైజేషన్ గేమ్‌లు చేసిన సిడ్ మేయర్ 2010లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఇదే చెప్పుకొచ్చాడు. తమ సైన్యం బలం మూడింతలుండి యుద్ధంలో ఓడితే ఆడేవాళ్ళు గేమ్ చెడిపోయిందనేవారట. నాలుగింట ఒకసారి ఓడటం లెక్క ప్రకారమే కదా అంటే వినరు. అదే ఎదుటివాడిది మూడింతలుండి తాము గెలిస్తే, అది తమ తెలివి! ఇంకా తమాషా ఏమిటంటే, రెండుకు ఒకటి బలంతో ఓడితే సరేనన్నవాళ్ళే ఇరవైకి పది బలంతో ఓడితే గొడవపడ్డారు. ఆయన వాళ్ళకు లెక్కల క్లాసు పీకలేదు. గేమ్ లోపలి లెక్కనే వాళ్ళ మనసుకు తగ్గట్టు సర్దాడు. నీ పోస్టులో పదహారింట ఒకటి, ఎనిమిదింట ఒకటి అని అంత వివరంగా రాశావు చూడు, అది చదివి రాత్రిషిఫ్ట్ ఏమన్నాడో కూడా చూడు.

ఇంకోటి చెప్తాను, నాకు చాలా ఇష్టమైనది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ 2004లో బయటికి రాకముందు, బీటాలో (కొందరితో ముందుగా ఆడించి చూసే దశలో), ఎక్కువసేపు ఆడితే వచ్చే పాయింట్లు సగానికి పడిపోయేవి. జనం కాస్త లేచి తిరగాలని. జనం మండిపడ్డారు, తీసేయమన్నారు. తీయలేదు. పడిపోయిన సగానికి "మామూలు" అని పేరు పెట్టి, మొదటిదానికి "విశ్రాంతి తీసుకున్నందుకు రెట్టింపు" అని పేరు పెట్టారు. అంకెలు ఇంచుమించు అవే. తిట్లు ఆగాయి. మొదట తిట్టినవాళ్ళు ఉత్తపుణ్యానికి తిట్టలేదు, వాళ్ళకు నిజంగానే జీతం కోసినట్టు అనిపించింది. బోనస్ అంటే ఆ మంట లేదు.

ఓటు పెడదామని మాత్రం అనుకోకు. మైన్‌క్రాఫ్ట్ (దిమ్మెలతో ఇళ్ళు కట్టుకునే గేమ్) వాళ్ళు 2017లో నాలుగు జీవుల్ని చూపించి ఏది కావాలో ఓటేయమన్నారు. రాత్రి ఆకాశంలో తిరిగే రాక్షసి గెలిచింది. అది గేమ్‌లోకి వచ్చాక, ఆటలో మూడు రాత్రులు నిద్రపోకపోతే నెత్తిమీదకు దూకడం మొదలుపెట్టింది. తీరిగ్గా ఇళ్ళు కట్టుకునేవాళ్ళకు ప్రాణసంకటం, ఇప్పటికీ తిట్టుకుంటారు. ఓటేసేటప్పుడు బొమ్మ చూసి వేశారు, రేపట్నుంచి దానితో కాపురం చేయాలని తోచలేదు. (మా కాలనీ అసోసియేషన్ ఎన్నికలూ ఇంతే.)

నీ గవ్వలకు ఒక మందుంది: టెట్రిస్ సంచి. ఇప్పటి టెట్రిస్‌లో (పైనుంచి పడే ముక్కల్ని పేర్చే ఆట) ఏడు రకాల ముక్కల్ని సంచిలో వేసి కలిపినట్టు కలిపి ఒక్కొక్కటే తీస్తారు, ఏడూ అయిపోయాకే మళ్ళీ నింపుతారు. అందుకే పొడుగు ముక్కకు ఎంత కరువొచ్చినా కొంతసేపే. నువ్వూ పదహారు సార్లకు సరిపడా సంచి పెట్టు: ఒక అష్ట, ఒక చెమ్మ, నాలుగు ఒకట్లు, ఆరు రెళ్ళు, నాలుగు మూళ్ళు. నీ లెక్క నీకే ఉంటుంది, ఎవరికీ కరువుండదు.


తార్నాకపిన్ని

నాయనా, నాకు అరవై రెండేళ్ళు. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. పుట్టింది తెనాలి పక్కన, ముప్ఫై ఎనిమిదేళ్ళుగా తార్నాకలోనే. మా మనవరాలు నీ ఆట నా ఫోన్‌లో వేసిపెట్టింది. నువ్వు చెప్పిన ఆ మధ్యాహ్నం గుంపులో నేనూ ఉన్నాను. టైమర్ వచ్చాక మానేసినవాళ్ళలోనూ ఉన్నాను. రివ్యూ ఎక్కడ రాయాలో తెలియదు, తెలిసినా రాయను. ఒకరు కష్టపడి చేసినదానికి నక్షత్రాలేమిటి, నేనేమన్నా స్కూల్ ఇన్‌స్పెక్టర్‌నా?

నీకు రెండు ముక్కలు చెప్పాలి. ఒకటి రూల్సు. మా పుట్టింటివైపు ఎదుటివాళ్ళ కాయ ఒక్కటైనా కొట్టందే లోపలి గళ్ళలోకి పోనివ్వరు. మా అత్తగారివైపు ఆ పట్టింపే లేదు, చుట్టు తిరిగి రాగానే లోపలికి పోవచ్చు. పెళ్ళయిన కొత్తలో దీనిమీద మా ఆడపడుచుకూ నాకూ మూడు రోజులు మాటల్లేవు. నువ్వు కొట్టాలనే రూలు పెట్టావు, నాకది సుఖంగా ఉంది. కాకినాడలో మా ఆడపడుచు ఆడితే నిన్ను తిడుతుంది. ఎవరి మాట వినాలంటావు? ఇద్దరమూ ఆడేవాళ్ళమే.

రెండోది అసలైంది. గవ్వకు సగం సగం అని నీకెవరు చెప్పారు? గవ్వ రూపాయి బిళ్ళ కాదు నాయనా. ఒకవైపు ఉబ్బు, ఒకవైపు చీలిక. చిన్నప్పట్నుంచీ ఆడుతున్నాను, మా ఇంట్లో గవ్వలకు చెమ్మ తరచూ పడేది, అష్ట అరుదు. అందుకే అష్ట పడితే పిల్లలు ఎగిరేవాళ్ళు. నీ ఆటలో రెండూ సమానంగా పడుతున్నాయని నాకు మొదటి వారమే అనుమానమొచ్చింది. చెమ్మ పడట్లేదని ఏడ్చేవాళ్ళందరికీ లెక్కలు రావనుకోకు. చేతికి అలవాటైన లెక్క ఒకటుంటుంది. మీ అమ్మగారి గవ్వలు తీసుకుని మూడొందల సార్లు వేసి రాసుకో. గచ్చు మీద వెయ్యి, దుప్పటి మీద కాదు.

పాతకంట్రోలర్ గారూ, మీ సంచి ఉపాయం బాగానే ఉంది కానీ నాలాంటిది పన్నెండు సార్లు చూసేసరికి సంచిలో అష్ట ఇంకా మిగిలుందని పట్టేస్తుంది. కాయను కదపకుండా దానికోసం కాచుకుని కూర్చుంటుంది. అప్పుడది అష్టాచెమ్మ కాదు, పేకాట.


పాతకంట్రోలర్, మాదాపూర్

పిన్నిగారూ, దండం. సంచి వెనక్కి తీసుకుంటున్నాను. పద్నాలుగేళ్ళ అనుభవం అని మొదటి వాక్యంలోనే రాసుకున్నందుకు సిగ్గుగా ఉంది, అసలు గవ్వ ఎలా పడుతుందో చూడాలని నాకూ తట్టలేదు.


మూడోలైఫ్, మౌలాలి

అందరూ కలిసి ఆడేవాళ్ళకు ఏం కావాలో ఆడేవాళ్ళకే తెలియదని తేల్చేసేలా ఉన్నారు. నేను ఒప్పుకోను. నేను గేమ్‌లు చేయను, పదేళ్ళ వయసు నుంచి ఆడుతున్నాను, ఇంటర్‌నెట్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలిచ్చి.

2013లో ఆ వార్‌క్రాఫ్ట్ చేసిన బ్లిజార్డ్ కంపెనీ వాళ్ళ సొంత సభలో ఒకతను, పాత వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ సర్వర్లు మళ్ళీ పెడతారా అని అడిగాడు. కావాలని మీరు అనుకుంటున్నారంతే, నిజానికి మీకు అక్కర్లేదు అన్నట్టు వేదిక మీద నుంచి జవాబొచ్చింది. ఆరేళ్ళు తిరిగేసరికి, 2019 ఆగస్టులో, అదే పాత ఆటను క్లాసిక్ అని వాళ్ళే విడుదల చేశారు. లోపలికి పోవడానికి మొదటి రోజు క్యూలు చూడాలి, పండక్కి తత్కాల్ టికెట్ల దగ్గర కూడా అంత ఉండదు.

ఓట్లంటే అంత భయం కూడా అక్కర్లేదు. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే గేమ్ 2013లో మొదలైంది. పెద్ద మార్పు ఏది పెట్టాలన్నా ఆడేవాళ్ళ ఓటు అడుగుతారు. సగం దాటితే చాలదు, వందకు 75 రావాలనేది నియమం, 2022లో దాన్ని 70 చేశారు. ఇప్పటికీ నడుస్తోంది. మైన్‌క్రాఫ్ట్‌లో అడిగింది "ఈ నాలుగింట్లో ఏది ముద్దొస్తోంది" అని. ఇక్కడ అడిగేది "రోజూ మీరు ఉండే ఇంట్లో ఈ గోడ పడగొట్టమంటారా" అని. వందలో 30 మందికి మించి వద్దంటే గోడ ఉంటుంది. నీ టైమర్ అలా అడిగి పెట్టుంటే మీ అమ్మగారి గుంపు వద్దనేది.

అడగలేదు కాబట్టి వాళ్ళకు చెప్పడం రాదనుకుంటున్నారు. రాయమంటే రాయరు, నిజమే. అవునా కాదా అని తెర మీద రెండు బటన్లు పెడితే పిన్నిగారు నొక్కరా?


తార్నాకపిన్ని

నొక్కుతాను. అక్షరాలు పెద్దవిగా ఉంటే.


గవ్వలబ్బాయి, నిజాంపేట

మళ్ళీ నేనే. ఆలస్యానికి క్షమించండి, మధ్యలో ఊరెళ్ళొచ్చాను.

పిన్నిగారి పోస్టు చదివి ఆ శుక్రవారం రాత్రే జేబీఎస్‌లో బస్సెక్కాను. తమ్ముడూ వచ్చాడు, పక్క సీట్లోనే, సిద్దిపేట దాటాక మాటలు కలిశాయి. అమ్మ గవ్వలు బియ్యం డబ్బాలో ఒక గుడ్డసంచిలో ఉంటాయి, మా అమ్మమ్మవి. వరండాలో గచ్చు మీద కూర్చున్నాం. అమ్మ వేయడం, నేను చదవడం, తమ్ముడు రాయడం. వందకు అమ్మకు చెయ్యి నొప్పొచ్చి చిన్నమ్మ అందుకుంది, ఫోన్ చేసి పిలిస్తే కోరుట్ల నుంచి వచ్చేసింది ఆమె, ఈ వంకన. మధ్యలో రెండుసార్లు లెక్క తప్పాం, ఒకసారి పిల్లి గవ్వ ఎత్తుకుపోయింది.

మూడొందల సార్లలో అష్ట 7, ఒకటి 45, రెండు 105, మూడు 102, చెమ్మ 41.

నా సగం సగం లెక్కన అయితే అష్ట, చెమ్మ ఒక్కోటి 19 సార్ల దగ్గర పడాలి. గవ్వగవ్వగా చూస్తే 1200లో 725 వెల్లకిలా. పదింట ఆరు. ఆ ఒక్క పాలు తేడాకే చెమ్మ రెండింతలు దాటింది, అష్ట సగం కన్నా కిందికి పడిపోయింది. బస్టాండ్ దగ్గర కొన్న కొత్త గవ్వలతో కూడా వేశాం, అవి ఇంకోలా పడ్డాయి, కానీ అవీ సగం సగం కాదు.

అంటే ఇన్నాళ్ళూ "చెమ్మ పడట్లేదు" అని రాసినవాళ్ళకు నేను ఎనిమిదింట ఒకటి, వందకు ఏడుగురు అని పాఠాలు చెప్పాను కదా. వాళ్ళ చేతుల్లో ఉన్న గవ్వలు వేరు, నా కోడ్‌లో ఉన్న గవ్వలు వేరు. ఒకరిద్దరికి వెటకారంగా జవాబులు కూడా ఇచ్చాను. అవి ఇప్పుడు చెరిపేస్తే బాగుండదు, కింద ఇంకో జవాబు రాసి వచ్చాను.

చేసిన మార్పులు. గవ్వలు అమ్మ గవ్వల్లాగే పడతాయి, పదింట ఆరు వెల్లకిలా. దీంతో ఇరవై సార్లు వేసినా అష్ట చెమ్మ రెండూ పడనివాళ్ళు వందకు ఏడుగురి నుంచి ముగ్గురు నలుగురికి తగ్గుతారు, అది అనుకోకుండా కలిసొచ్చింది. మాతో పాటు పిల్లి కూడా సాయం చేసిందని తమ్ముడు క్రెడిట్స్‌లో దాని పేరు పెట్టాడు.

వేసే తీరు కూడా మార్చాం. అమ్మ పక్కన రెండు ఆటలు నోరు మూసుకుని కూర్చున్నాను, పాతకంట్రోలర్ అన్న చెప్పినట్టే. ఆమె బొటనవేలు తెర మీద పెట్టి తీయదు. గవ్వల్ని గుప్పిట్లో పట్టినట్టు అక్కడే రుద్దుతూ ఉంటుంది. నా కోడ్‌లో వేలు తగిలిన క్షణంలోనే పడిపోయేవి, ఆమె ఇంకా ఊపుతున్నాననే అనుకునేది. "గవ్వలు చేతుల వట్టేలోపే" అన్నది టైమర్ గురించి మాత్రమే అనుకున్నాను అప్పుడు! ఇప్పుడు వేలు ఎంతసేపు ఉంచితే అంతసేపు గలగలమంటాయి, తీస్తే పడతాయి. ఎంత ఊపినా ఫలితంలో తేడా ఉండదు. ఉండదని ఎక్కడా రాయలేదు, ఎవరి చేతివాటం వారిది అనుకోనీ.

టైమర్ రాత్రిషిఫ్ట్ చెప్పినట్టు చేశాం. తెలియనివాళ్ళతో ఆడితే పదిహేను సెకన్లు ఉంటుంది. పేరు పెట్టి పిలిచి ఆడే ఆటలో ఉండదు, రేపటిదాకా వేయకపోయినా ఆట అలాగే ఉంటుంది. ఇంత చిన్న సంగతి తట్టడానికి బస్సెక్కాల్సి వచ్చింది.

మూడోలైఫ్ చెప్పిన రెండు బటన్లు వచ్చే అప్‌డేట్‌లో. మొదటి ప్రశ్న ఏం పెట్టాలో తమ్ముడికీ నాకూ ఇంకా కుదరలేదు.


రాత్రిషిఫ్ట్, ఉప్పల్

నిన్న రాత్రి ఆడిన. గవ్వలు ఇప్పుడు మంచిగున్నయ్ బ్రో. అంటే ఇన్నాళ్ళు మోసమే చేసినవని ఒప్పుకున్నట్టే కదా?


గవ్వలబ్బాయి, నిజాంపేట

ఒప్పుకున్నా అన్నా.


తార్నాకపిన్ని

మా ఆడపడుచుకు కూడా వేసిపెట్టాం, నిన్నటి నుంచి ఇద్దరం ఆడుతున్నాం. గలగల చప్పుడు బాగుంది. అది అప్పుడే మొదలుపెట్టింది, కొట్టకుండా లోపలికి పోనిచ్చే రూలు పెట్టించమని. బటన్లు పెట్టేటప్పుడు ఆ ప్రశ్న అడుగుతావా?


గవ్వలబ్బాయి, నిజాంపేట

అదొక్కటీ అడగను పిన్నిగారూ. అమ్మ ఒప్పుకోదు.